ఐ-130కి ఇంకా ఎవిడెన్స్ అడిగారు, డబ్బులేమో అత్తయ్యగారి అకౌంట్‌లో పడ్డాయి

మాది గుంటూరు. 2024 ఫిబ్రవరిలో పెళ్లయింది. మా ఆయన అమెరికా సిటిజన్, నా కోసం ఐ-130 (భార్యకి గ్రీన్ కార్డు రావడానికి ముందుగా వేసే పిటిషన్) వేశారు. మ్యారేజ్ సర్టిఫికెట్, 40 పెళ్లి ఫోటోలు, వాట్సాప్ కాల్స్ స్క్రీన్‌షాట్లు అప్పుడే పెట్టాం. అయినా పోయిన నెల ఆర్ఎఫ్ఈ (ఇంకా ఆధారాలు పంపమని అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఇచ్చే నోటీసు) వచ్చింది, పెళ్లి నిజమైనదేనని చూపించే కాగితాలు, ముఖ్యంగా ఇద్దరి డబ్బు లెక్కలు కలిసి ఉన్నట్టు చూపించేవి ఇంకా కావాలట. గడువు 51 రోజులే ఉంది.

ఇక్కడే ఇరుక్కుపోయాం. ఆయన ప్రతి నెలా 5వ తారీఖుకల్లా 30 వేలు పంపిస్తారు, కానీ అది అత్తయ్యగారి అకౌంట్‌లో పడుతుంది, ఆవిడ డ్రా చేసి నా చేతికిస్తారు, నా పేరు ఎక్కడా ఉండదు. జాయింట్ అకౌంట్ కోసం బ్యాంకుకి రెండుసార్లు తిరిగాను, ఆయనే స్వయంగా రావాలన్నారు. పెళ్లయ్యాక ఆయన వచ్చింది రెండుసార్లు, 18 రోజులు, 24 రోజులు. పాస్‌పోర్టు స్టాంపులున్నాయి గానీ, బీరువాలో దాచిన బోర్డింగ్ పాసులు తీసి చూస్తే అక్షరాలు చెరిగిపోయి తెల్లకాగితాల్లా ఉన్నాయి, ఏడుపొచ్చింది. ఇన్సూరెన్స్‌లో నన్ను నామినీగా పెట్టారు, అదీ ఆర్ఎఫ్ఈ వచ్చాకే.

మీలో ఎవరికైనా ఇలా అత్తగారి అకౌంట్‌కే డబ్బు వచ్చి ఉంటే, ఆవిడ అఫిడవిట్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు జతచేసి పంపితే ఒప్పుకున్నారా?