విల్కిన్సన్ డివైడర్‌లో ఐసొలేషన్ 12 డీబీ దాటడం లేదు (2.45 గిగాహెర్ట్జ్, ఎఫ్‌ఆర్4)

బెజవాడ_ఈసీఈ:
సిగ్నల్‌ని రెండు సమాన భాగాలుగా పంచే రెండు అవుట్‌పుట్ల విల్కిన్సన్ డివైడర్ అండి, అవుట్‌పుట్ల మధ్య 100 ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. 1.6 మి.మీ. ఎఫ్‌ఆర్4 బోర్డు, ఎప్సిలాన్ (బోర్డు పదార్థం డైఎలెక్ట్రిక్ స్థిరాంకం) 4.4 అనుకుని లెక్క వేశాం. 50 ఓమ్ లైన్ వెడల్పు 3.1 మి.మీ., 70.7 ఓమ్ లైన్లు 1.6 మి.మీ. వెడల్పు, 17.2 మి.మీ. పొడవు. సిమ్యులేషన్‌లో ఐసొలేషన్ (ఒక అవుట్‌పుట్ సిగ్నల్ రెండోదానిలోకి వెళ్లకుండా ఆపడం) 30 డీబీ పైనే ఉంది. బోర్డు మీద 12 దగ్గరే ఆగిపోతోంది. ఎస్11 (ఒకటో పోర్టు, అంటే ఇన్‌పుట్ నుంచి వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్) బాగుంది గానీ దాని లోయ 2.37 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతోంది. ఎస్21, ఎస్31 (ఇన్‌పుట్ నుంచి రెండు, మూడు పోర్టులకు చేరే సిగ్నల్) రెండూ మైనస్ 3.6 డీబీ. విజయవాడలో చిప్ రెసిస్టర్ దొరక్క 100 ఓమ్ పావు వాట్ కాళ్ల రెసిస్టర్ వేశాం. తప్పెక్కడ?

గుంటూరు_మైక్రోస్ట్రిప్:
రెసిస్టర్‌లోనే. ఒకటో పోర్టు నుంచి సిగ్నల్ ఇస్తే రెండు చివర్లలో వోల్టేజ్ సమానం, రెసిస్టర్‌లో కరెంటే పారదు. అందుకే ఎస్11 బాగుంది. ఐసొలేషన్, ఎస్22 (రెండో పోర్టు నుంచి వెనక్కి తిరిగొచ్చేది) మాత్రం రెసిస్టర్ మీదే ఆధారపడతాయి. ఎస్22 కూడా కొలవండి, అదీ 12 దగ్గరే ఉంటుంది.

బాడీ, కాళ్లు కలిపి దాదాపు 8 నానోహెన్రీ ఇండక్టెన్స్. 2.45 దగ్గర అది 120 ఓమ్‌ల పైమాటే, అంటే మీ 100 ఓమ్ కంటే ఎక్కువ. లెక్క కడితే ఐసొలేషన్ సరిగ్గా 12 డీబీ దగ్గరే తేలుతుంది. కాళ్లు కత్తిరించినా బాడీ పొడవు పోదు. 0603 సైజు చిప్ రెసిస్టర్ ఆన్‌లైన్‌లో తెప్పించండి. అది రెండు లైన్ల చివర్లకు నేరుగా అతకాలి, మధ్యలో అదనపు ట్రాక్ పెట్టొద్దు.

కృష్ణలంక_ఆర్‌ఎఫ్:
ఎస్11 లోయ 2.37 దగ్గర పడే సంగతి వేరు. ఎఫ్‌ఆర్4 ఎప్సిలాన్ ప్రతి బ్యాచ్‌కీ మారుతుంది. మీ బోర్డుది 4.7 దగ్గర ఉన్నట్టుంది. 17.2ని 2.37తో హెచ్చించి 2.45తో భాగిస్తే కొత్త పొడవు 16.6 మి.మీ. వస్తుంది. ఈ పొడవును లైన్ మధ్యగీత వెంట కొలవాలి. లైన్లను పక్కపక్కనే నడపకండి, కప్లింగ్ (ఒకదాని సిగ్నల్ ఇంకోదానిలోకి చేరడం) వస్తుంది. రింగులా వంచితే మధ్యగీత వ్యాసం సుమారు 10.8 మి.మీ., చిప్ సందు 0.8తో కలిపి. 3.1 మి.మీ. వెడల్పు లైన్లు రెసిస్టర్ ప్యాడ్ల దగ్గరే మొదలై బయటికి విడిపోవాలి.

ఐసొలేషన్ కొలిచేటప్పుడు ఒకటో పోర్టుకి 50 ఓమ్ లోడ్ పెట్టారా? ఖాళీగా వదిలేస్తే డివైడర్ ఎంత బాగున్నా 6 డీబీయే చూపిస్తుంది.

బెజవాడ_ఈసీఈ:
లోడ్ పెట్టాం అండి. ఎస్22 ఇప్పుడే చూశాం, 12.3. మరి 3.6 నష్టం తగ్గుతుందా? తర్వాత ఇదే బోర్డుని కంబైనర్‌గా (రెండు సిగ్నళ్లను కలిపేదిగా) కూడా వాడాలి.

గుంటూరు_మైక్రోస్ట్రిప్:
సగానికి పంచితేనే 3 డీబీ పోతుంది. మిగతా 0.6లో ఎక్కువ భాగం ఎఫ్‌ఆర్4దే, లాస్ టాంజెంట్ (బోర్డు పదార్థం సిగ్నల్‌ని ఎంత మింగుతుందో చెప్పే అంకె) 0.02 కదా. ఇన్‌పుట్, అవుట్‌పుట్ లైన్లు పొట్టి చేస్తే కొంత తగ్గుతుంది. ఇంకా తగ్గాలంటే రోజర్స్ 4350బీ లాంటి తక్కువ నష్టం ఉన్న బోర్డుకి మారాలి, అప్పుడు వెడల్పులన్నీ మళ్లీ లెక్కించాలి.

కంబైనర్‌లో జాగ్రత్త. రెండు ఆంప్లిఫయర్లలో ఒకటి ఆగిపోతే రెండోదాని పవర్‌లో సగం రెసిస్టర్‌లోనే వేడవుతుంది. 1 వాట్ ఆంప్లిఫయర్ అయితే అర వాట్. 0603 మామూలుగా 0.1 వాట్‌కే, కాబట్టి కాలిపోతుంది. అక్కడికి వేడి బయటికి పంపే ఆర్‌ఎఫ్ పవర్ రెసిస్టర్ వేసి, దాని ప్యాడ్ కెపాసిటెన్స్‌ని కూడా సిమ్యులేషన్‌లో పెట్టండి.