డెబియన్‌లో బ్యాట్‌ని బ్యాట్‌క్యాట్ చేయడం సబబేనా?

నల్లబల్ల:
డిగ్రీ కాలేజీలో లినక్స్ ల్యాబ్ చూస్తాను. మెషీన్లన్నీ డెబియన్ 12 అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ మీద నడుస్తాయి. మొన్న పిల్లలకి బ్యాట్ చూపిద్దామనుకున్నా. తెలియనివాళ్లకి చెబుతున్నా, అది క్యాట్ లాగే ఫైల్ చూపిస్తుంది, కాకపోతే రంగులతో, లైన్ నంబర్లతో. సి ప్రోగ్రామ్ చదవడం అప్పుడే మొదలుపెట్టినవాళ్లకి బాగా పనికొస్తుంది. డెబియన్‌లో ప్రోగ్రాములు ఎక్కించే ఆప్ట్‌తో ప్యాకేజీ ఎక్కింది. ప్యాకేజీ పేరు బ్యాటే. టెర్మినల్‌లో బ్యాట్ అని కొడితే మాత్రం కమాండ్ నాట్ ఫౌండ్! ముప్పై మంది ఒకేసారి "మేడమ్, రావట్లేదు" అన్నారు. డెబియన్‌లో బ్యాట్‌క్యాట్ అని కొట్టాలట. ఫైళ్లు వెతికే ఎఫ్‌డీ కూడా అంతే, ఇక్కడ ఎఫ్‌డీఫైండ్. ఫెడోరా, ఆర్చ్ లాంటి వేరే డిస్ట్రిబ్యూషన్లలో అసలు పేర్లే ఉన్నాయి. రాసినవాళ్లు పెట్టిన పేరు మార్చే హక్కు ప్యాకేజీ కట్టేవాళ్లకి ఎక్కడిది?

చింతచిగురు:
ఏలియాస్ (కమాండ్‌కి మారుపేరు) పెట్టుకుంటే అయిపోతుంది కదా మేడమ్.

నల్లబల్ల:
ఏలియాస్ నా టెర్మినల్ వరకే. స్క్రిప్ట్‌లో పనిచేయదు, వేరే కమాండ్లని నడిపే ఎక్స్‌ఆర్గ్స్‌కి ఇస్తే పనిచేయదు. పిల్లలకి నేర్పేదే స్క్రిప్టులు.

రాత్రిడ్యూటీ:
మేడమ్ గారూ, హక్కు డెబియన్ పాలసీలోనే ఉంది. వేర్వేరు పనులు చేసే రెండు ప్యాకేజీలు ఒకే ఫైల్ పేరుతో ప్రోగ్రామ్ పెట్టకూడదు. ఒకటి పేరు మార్చుకోవాలి. ఏది మార్చాలో మాట కుదరకపోతే రెండూ మార్చాలి. 'కాన్‌ఫ్లిక్ట్స్' (ఈ రెండు ప్యాకేజీలు కలిసి ఎక్కవు) అని ఒక లైన్ రాసి తప్పించుకోవడానికీ లేదు, అది ఒకే పని చేసే ప్రోగ్రాములకి. బ్యాట్ అనే పేరు బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాళ్ల కన్సోల్‌ది, మీ రంగుల బ్యాట్ పుట్టకముందు నుంచీ.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. పాత ఉద్యోగంలో జీతాల ఫైల్ ఒకటి పోయింది. రాత్రి రెండు గంటలకి రీస్టోర్ చేయాలి. బ్యాకప్ చూసే డెస్క్‌టాప్‌లో బ్యాట్ అని కొట్టా. విండో రాలేదు. ఎర్రరూ లేదు. కర్సర్ ఒక్కటే మిణుకుమిణుకుమంటోంది. బాక్యులా సర్వర్ పడిపోయిందనుకుని దాని లాగులన్నీ తిరగేశా. తీరా చూస్తే పగటి షిఫ్ట్ కుర్రాడు రంగుల బ్యాట్ తెచ్చి యూఎస్‌ఆర్ లోకల్ బిన్‌లో పెట్టాడు. కమాండ్ కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితా, అంటే పాత్‌లో, అదే ముందు. ఫైల్ పేరు ఇవ్వలేదు కాబట్టి కీబోర్డ్ నుంచి ఏదైనా వస్తుందేమోనని ఎదురుచూస్తూ కూర్చుంది. నలభై నిమిషాలు పోయాయి. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

నల్లబల్ల:
అది డెబియన్ ప్యాకేజీ చేసిన పని కాదు కదా, మీ కుర్రాడు చేసిన పని. అయినా బాక్యులా కన్సోల్ ఎంతమంది వాడతారు? ఎఫ్‌డీ పేరు పట్టుకుని కూర్చున్న ఎఫ్‌డీక్లోన్ అయితే జపాన్‌లో డాస్ రోజుల్లో నడిచిన ఫైల్ మేనేజర్‌కి నకలు. అదెవరు వాడుతున్నారు చెప్పండి.

రాత్రిడ్యూటీ:
మీకు కనిపించనంత మాత్రాన లేరా? జపాన్‌లో కూర్చుని ఒకాయన మన తెలుగు ఇన్‌పుట్ ప్యాకేజీ ఎవరు వాడతారని అడిగితే ఒప్పుకుంటారా?

కొత్తకుండ:
ఉబుంటు 20.04లో బ్యాట్, ఫైళ్లలో మాటలు వెతికే రిప్‌గ్రెప్ రెండూ కలిసి ఎక్కేవి కావు. క్రేట్స్2 జేసాన్ అని దాచిన ఫైల్ ఒకటి రెండింట్లోనూ ఉండేది, ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ ఒప్పుకునేది కాదు. ముందు అలాంటివి చూడాలి.

రాత్రిడ్యూటీ:
చూశారా? ఒకే ఫైల్ రెండు ప్యాకేజీల్లో ఉంటే జరిగేది అదే.

పొద్దుతిరుగుడు:
నేను కొన్ని చిన్న ప్యాకేజీలు చూసుకుంటాను. ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. ఈ పేర్లు శాశ్వతం కావు. ఫైళ్లలో మాటలు వెతికే ఆక్ చాలాకాలం ఆక్-గ్రెప్‌గా ఉంది, ఎందుకంటే జపనీస్ కంజి అక్షరాల కోడ్ మార్చే ఇంకో ఆక్ ఉండేది. అది పోయాక అసలు పేరు తిరిగొచ్చింది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌జేఎస్ కమాండ్ నోడ్ గొడవ ఇంకా పెద్దది. హ్యామ్ రేడియో వాళ్ల ప్రోగ్రామ్ పేరూ నోడే. 2012లో డెబియన్ టెక్నికల్ కమిటీ దాకా వెళ్లింది. రేడియో వాళ్లు పేరు మార్చుకున్నారు, నోడ్‌జేఎస్‌కీ నోడ్ అన్న పేరు నేరుగా దక్కలేదు. నోడ్‌జేఎస్-లెగసీ అని, నోడ్ పేరుని అసలు ప్రోగ్రామ్‌కి కలిపే లింక్ ఒక్కటే ఉన్న చిన్న ప్యాకేజీ వేసుకోవాల్సి వచ్చింది. 2017లో కమిటీయే ఆ నిర్ణయం రద్దు చేసింది. బ్యాట్‌కీ అలాంటి లింక్ ప్యాకేజీ అడగొచ్చు.

రాత్రిడ్యూటీ:
రేపు ఇంకేదో ప్యాకేజీ ఆ లింక్ కావాలంటుంది, దాన్ని ఎక్కిస్తే నా బాక్యులా కన్సోల్ దిగిపోతుంది. అయినా ఒక్క లింక్ కోసం ఇంత రాద్ధాంతమా మేడమ్? మాన్యువల్ చదివితే అయిదు నిమిషాల పని.

నల్లబల్ల:
అయిదు నిమిషాలా? చేశాం, వినండి. హోమ్‌లో డాట్ లోకల్, అందులో బిన్ ఫోల్డర్ చేయించాను. లింక్ పెట్టించాను. మళ్లీ కమాండ్ నాట్ ఫౌండ్. లాగిన్ అయ్యేటప్పటికే ఆ ఫోల్డర్ ఉంటేనే డాట్ ప్రొఫైల్ అనే సెటప్ ఫైల్ దాన్ని పాత్‌లో కలుపుతుంది. అందరూ లాగౌట్ అయి మళ్లీ రావాలి. అది నాకు తట్టేసరికి గంట కొట్టారు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, ఇంట్లో కంప్యూటర్ లేని పిల్ల, "నాకు ఇది రాదులెండి మేడమ్" అని మెషీన్ ఆపేసి వెళ్లిపోయింది. తను ఒక్క అక్షరం కూడా తప్పు కొట్టలేదు. మీ పాలసీలో మీ సర్వర్ ఉంది, జపాన్ ఆయన ఉన్నాడు. ఆ పిల్ల ఎక్కడుంది?

రాత్రిడ్యూటీ:
లేదు. నిజమే చెబుతున్నా, లేదు. డిస్ట్రిబ్యూషన్ అంటే నా దృష్టిలో ఇప్పటికే నడుస్తున్న మెషీన్‌కి ఇచ్చిన మాట. నిన్న ఒక పేరు కొడితే ఏం వచ్చిందో రేపు అప్‌గ్రేడ్ అయ్యాక కూడా అదే రావాలి. దానికోసమే డెబియన్ వాడుతున్నా. కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఆ మాట తప్పమంటే ఒప్పుకోను. ఆ అమ్మాయి విషయంలో బాధగానే ఉంది. మాన్యువల్ మాట తొందరపడి అన్నాను.

నల్లబల్ల:
నాకు డిస్ట్రిబ్యూషన్ అంటే మొదటిసారి కూర్చున్నవాళ్లకి తెరిచి ఉంచిన తలుపు. మనిద్దరం మొదటి నుంచీ వాదిస్తున్నది దీని గురించే, బ్యాట్ గురించి కాదు.

చింతచిగురు:
డెబియన్ 13లో కూడా బ్యాట్‌క్యాటేనా?

పొద్దుతిరుగుడు:
అవును. లింక్ ప్యాకేజీ మీద ఇంకే ప్యాకేజీ ఆధారపడకూడదని షరతు పెడితే రాత్రిడ్యూటీ గారి భయం తీరుతుంది. మేడమ్, బగ్ రిపోర్ట్ రాయండి. ల్యాబ్‌లో జరిగింది జరిగినట్టు పెట్టండి, పిల్లలు ఏం కొట్టారో, ఏం వచ్చిందో.

నల్లబల్ల:
ఆదివారం రాస్తా. అప్పటిదాకా ల్యాబ్ మెషీన్లలో లింక్ యూఎస్‌ఆర్ లోకల్ బిన్‌లో నేనే పెడతాను. అక్కడ బాక్యులా లేదు.

రాత్రిడ్యూటీ:
పెట్టండి. కానీ ఆ లింక్ మీరు పెట్టిందనీ, మామూలు డెబియన్‌లో ఉండదనీ హ్యాండౌట్‌లో రాయండి. వాళ్లలో ఎవరో ఒకరు రేపు నాలాంటివాడి సర్వర్ ముందు కూర్చుంటారు.

నల్లబల్ల:
మొదటి పేజీలోనే రాస్తాను. పేరు విషయంలో మాత్రం నా మాట మారలేదు.