అత్త జాబ్ కార్డుతో కోడలికి ట్రైనింగ్ సీటు వస్తదా?

పల్లెల్లోని పేద యువతకు ఉచితంగా పని నేర్పే దీన్ దయాళ్ గ్రామీణ కౌశల్య యోజనకు వయసు 15–35. ఆడవాళ్లకు 45 దాకా ఉంది కాబట్టి 37 ఏళ్ల కోడలికి అది అడ్డం కాదు. చిక్కంతా ఆమెను ఏ ఇంటి మనిషిగా లెక్కిస్తారన్న దగ్గరే. అత్తగారి ఊరు నర్సంపేట దగ్గర. గత ఆర్థిక సంవత్సరంలో ఇంట్లో ఒక్కరు ఉపాధి హామీలో 15 రోజులు చేసినా చాలు. అత్త పేరు మీద 22 రోజులు ఉన్నాయి. కానీ కోడలి పేరు ఆ ఉపాధి హామీ జాబ్ కార్డులో ఎక్కలేదు, ఆధార్ ఇంకా పుట్టిల్లు హన్మకొండ అడ్రస్‌తోనే ఉంది. అది కార్పొరేషన్ పరిధి, గ్రామీణం కాదని సెంటర్‌లో ఫారం తిప్పి పంపారు. రేషన్ కార్డులో మాత్రం ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

ఆధార్ అడ్రస్ మార్చి రేషన్ కార్డు జతచేస్తే సరిపోతదా, జాబ్ కార్డులో పేరు చేర్పించాల్సిందేనా? పోనీ, అత్త మహిళా సంఘం సభ్యత్వం చూపిస్తే? ఇట్లా చేర్పించినవాళ్లు ఏ కాగితం పెట్టారో చెప్పండి.