నగిషీ ఉన్న కుంచం సరిగ్గా కొలవాలా, చూడ్డానికి బాగుంటే చాలా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

వరలక్ష్మీ వ్రతానికీ, గృహప్రవేశాలకీ ఇత్తడి కుంచం కొనడం, బహుమతిగా ఇవ్వడం ఈమధ్య బాగా పెరిగింది. చుట్టూ ఎనిమిది బొమ్మలతో అష్టలక్ష్మి కుంచం అని అమ్ముతున్నారు. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం సెట్టుగా కూడా దొరుకుతున్నాయి. నాకు కొలపాత్రలంటే చాలా ఇష్టం. పాతది ఎక్కడ కనిపించినా చేతిలోకి తీసుకుని చూడందే కదలను. అందుకే అడుగుతున్నాను. నగిషీ చేసిన కొలపాత్ర నిజంగా కొలవాలా, అక్కర్లేదా?

నా మాట ముందే చెప్పేస్తాను. కొలవాలి. కొలవని కుంచం మీద ఎంత పనితనం ఉన్నా నా కంటికి ఆనదు.

మన లెక్క పెద్దవాళ్ళకి తెలిసిందే, పిల్లల కోసం రాస్తున్నాను. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. మొన్న బంధువుల ఇంట్లో ఆన్‌లైన్‌లో తెప్పించిన సెట్టు చూశాను. తవ్వతో రెండోసారి పోస్తుంటే సగంలోనే మానిక పొర్లిపోయింది. మానికకీ అడ్డకీ అసలు పొంతనే లేదు. రేకు మీద అచ్చుకొట్టి లక్ష్మి బొమ్మని బయటికి ఉబ్బించారు కాబట్టి లోపల ఆ బొమ్మ మేరకు గుంట పడింది. రవ్వ పోసి బోర్లిస్తే కొంత ఆ గుంటల్లో అంటుకుపోయింది. వేలితో తుడిస్తేగానీ రాలేదు.

పాత కుంచాల్లో నగిషీ ఎక్కడుంటుందో గమనించండి. అంచు కింద ఒక పట్టీ, నడుం దగ్గర ఒకటి, అడుగున ఒకటి. చెక్క కుంచమైతే అవి ఇత్తడి పట్టీలు, వాటి మీద గీతలో చుక్కలో పూలతీగో ఉంటాయి. చెక్క అంచు అరిగితే కొలత తగ్గిపోతుంది కదా, ఆ పట్టీ దాన్ని అరగనివ్వదు. అందం పెట్టినచోటే బలం కూడా పెట్టారు. లోపల మాత్రం గీత కూడా లేకుండా నున్నగా ఉంటుంది. కొలత విలువ తెలిసిన చేతి పని అది. నేను ముచ్చటపడేది దానికే.

పూజగది

గోదారిగట్టు గారూ, మీ ఇష్టాన్ని కాదనను. కానీ ఇప్పుడు కుంచంతో కొలిచేవాళ్ళు ఎవరున్నారండి? మా ఇంట్లో ఎసట్లోకి బియ్యం స్టీలు గ్లాసుతోనే వేస్తాం. కుంచం ఉండేది దేవుడి దగ్గర. నిండా బియ్యమో వడ్లో పోసి, పసుపు కుంకుమ పెట్టి, దీపం ముందు ఉంచుతాం. నిండుగా ఉండటమే అక్కడ ముఖ్యం. ఎంత పట్టిందన్న ప్రశ్నే రాదు.

కేరళ వాళ్ళ నిరపర చూడండి. ఇత్తడి పట్టీలు బిగించిన పర అనే చెక్క కొలపాత్రలో వడ్లు గోపురంలా నింపి, మధ్యలో కొబ్బరి పూగుత్తి నిలబెడతారు. పది ఇడంగళులు ఒక పర అని వాళ్ళకీ లెక్క ఉంది. పెళ్ళిమండపంలో నిరపర పెట్టినప్పుడు ఆ లెక్క ఎవరూ సరిచూడరు. అయినా దాని శోభ దానికుంది.

ఇంకోటి. కొనేవాళ్ళుంటేనే ఇత్తడి పనివాళ్ళకి తిండి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో, ఇటు గోదావరి వైపు అజ్జరంలో తరాలుగా ఇదే పని చేస్తున్నవాళ్ళున్నారు. కొలత కుదరలేదని కొనడం మానేయమంటే నష్టం ఎవరికి?

తూనికరాయి

మాది కిరాణా వ్యాపారం. చర్చలో ఒక సంగతి మరుగున పడుతోంది, అది చెప్తాను.

కొలత సరిగ్గా ఉందని నమ్మించేది నగిషీ కాదు, ప్రభుత్వ ముద్ర. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1960ల్లో మెట్రిక్ పద్ధతి అంతటా పాకింది. ఇప్పుడున్నది 2009 లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దుకాణంలో వాడే తూకంరాయైనా లీటరు పాత్రైనా తూనికలు కొలతల శాఖ పరీక్షించి ముద్ర వెయ్యాల్సిందే. ఆ పాత్ర మీద ఒక్క పువ్వు కూడా ఉండదు. ఉండకపోవడమే మంచిది. నున్నటి పాత్రకి సొట్టపడితే గుమ్మంలో నిలబడ్డ కొనుగోలుదారుడికి కూడా కనిపిస్తుంది. చుట్టూ లతలూ బొమ్మలూ ఉంటే ఆ సొట్ట వాటిలో కలిసిపోతుంది.

పాత కుంచాల గురించి అంత మురిపెంగా మాట్లాడటం నాకు నచ్చలేదు. మా పెద్దవాళ్ళు చెప్పిన మాట, కామందు ఇంట్లో రెండు కుంచాలుండేవి. గింజలు రాబట్టుకునేటప్పుడు పెద్దది, అప్పుగా ఇచ్చేటప్పుడు చిన్నది. తీసుకునేటప్పుడు అంచు దాటి గోపురంలా పోయించుకునేవారు. ఇచ్చేటప్పుడు కర్ర పెట్టి అంచు సమంగా గీసేవారు. కూలిగింజలు కొలిచేటప్పుడు బొటనవేలు మొత్తం కుంచం లోపలే ఉండేది. ఆ కుంచాల మీద కూడా మీరు చెప్పిన పూలతీగలు ఉండే ఉంటాయి.

గోదారిగట్టు

తూనికరాయి గారూ, మీరు చెప్పిన అన్యాయం నిజం. నేను దాన్ని దాచను. రెండు కుంచాల కథ ప్రతి ఊళ్ళోనూ వింటాం. కానీ అది నగిషీ చేసిన మోసం కాదు. నున్నటి ఇనపరేకు కుంచంతోనూ అదే మోసం చేశారు. కొలిచే మనిషి చెయ్యి, ఎదుటివాడు నోరెత్తలేని పరిస్థితి, ఆ రెండే కారణం.

సొట్ట గురించి మీరన్నది మాత్రం బరువైన మాట. ఒళ్ళంతా బొమ్మలుంటే ఆ ఇబ్బంది ఉంటుంది, ఒప్పుకుంటాను. రెండు పట్టీల మధ్య చోటు నున్నగా వదిలిన పాత్రల్లో ఆ ఇబ్బంది రాదు. కనుక ఎంత నగిషీ, ఎక్కడ అన్నది కూడా చూడాలి.

పూజగది గారూ, కొనొద్దని నేననలేదు. సరిగ్గా కొలిచేది అడిగి కొనమంటున్నాను. పనివాడికి వచ్చే డబ్బు అదే, పాత్ర మాత్రం రెండు రకాలుగా పనికొస్తుంది.

మూలమట్టం

వడ్రంగం నా పని. కొంచెం వేరే దేశానికి తీసుకెళ్తాను, తిట్టుకోకండి.

మనం దుంగ మీద గీత కొట్టాలంటే కావిరంగు ముంచిన దారం రెండు కొసలా బిగబట్టి, మధ్యలో లాగి వదులుతాం. జపాన్ వడ్రంగులు ఈ పనికి సుమిత్సుబో అనే చెక్క సిరాబుడ్డి వాడతారు. ఒక చివర చిన్న గుంటలో సిరాలో నానిన దూది, రెండో చివర దారం చుట్టుకునే చక్రం. దారం ఆ దూదిలోంచి తడుస్తూ బయటికొస్తుంది. కొసన ఉన్న సూదిని చెక్కకి గుచ్చి, బుడ్డిని వెనక్కి లాక్కెళ్ళి, దారం బిగించి కొడితే వెంట్రుకంత సన్నటి గీత. దీన్ని చాలామంది వడ్రంగులు ఎవరిది వాళ్ళే చెక్కుకునేవారు. కొంగ, తాబేలు, డ్రాగన్ బొమ్మలు ఎంత లోతుగా చెక్కారంటే చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

ఇప్పుడు సైటు మీద లేజర్ లెవెల్ పెడితే గోడంతా ఎర్రగీత పడుతుంది. నేనూ అదే వాడతాను. అయినా ఒక విషయం గట్టిగా చెప్పగలను. రోజూ చేతిలో ఉండే పనిముట్టు అందంగా ఉంటే దాన్ని కింద పారేయం. తుడిచి, గుడ్డలో చుట్టి పెడతాం. మూల సరిచూసే మూలమట్టం ఒక్కసారి సిమెంటు గచ్చు మీద పడిందంటే మూల తప్పుతుంది, ఆ తర్వాత చేసిన ప్రతి తలుపుచట్రం వంకరే. ముద్దుగా చూసుకునే పనిముట్టు నిజంగానే ఎక్కువకాలం సరిగ్గా కొలుస్తుంది. తూనికరాయి గారూ, మీ ముద్ర వేసిన రోజు సంగతి చెప్తుంది. తర్వాతి రోజుల సంగతి మనిషి జాగ్రత్త మీద ఉంటుంది కదా.

తూనికరాయి

మూలమట్టం గారూ, అందుకే ఆ ముద్ర ఎప్పటికప్పుడు మళ్ళీ వేయించుకోవాలన్న నిబంధన ఉంది. జాగ్రత్త అందరికీ ఉంటుందని నమ్మి వ్యాపారం నడపలేం.

మీ జపాన్ ఉదాహరణలోనే నాకో సందేహం. నారాలో తోదాయ్‌జీ గుడి దక్షిణ ద్వారం 1199లో తిరిగి కట్టినది. 1879లో దాని పైభాగంలో పాత వడ్రంగి ఎవరో వదిలేసిన సుమిత్సుబో దొరికింది. దాని మీద కొంగా లేదు, తాబేలూ లేదు. పని కోసం చేసిన సాదా వస్తువు. అంత పెద్ద ద్వారం కట్టినవాడికి అది సరిపోయింది. నగిషీలు పని తగ్గి తీరిక పెరిగాక వచ్చినవేమో.

మూలమట్టం

లేదండీ, అంతకంటే పాతదే నగిషీతో ఉంది. అదే నారాలో షోసోయిన్ అనే భాండాగారం ఉంది, 8వ శతాబ్దం నాటి రాజవస్తువులు దాచినది. అందులో డ్రాగన్ తల ఉన్న పడవ ఆకారంలో సుమిత్సుబో ఒకటుంది, వెండిరేకు పొదిగి చేసినది. కాకపోతే అది పనికి వాడినది కాదు, ఏదో శుభకార్యం కోసం చేసినదని అంటారు. కాబట్టి పూజగది గారికి ఒక మార్కు, మీకు ఒక మార్కు. సాదావీ నగిషీవీ మొదటినుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

థేమ్స్‌ఒడ్డు

లండన్‌లో ఉంటాను. బ్రిటిష్ మ్యూజియంలో పశ్చిమాఫ్రికాలోని అసాంటే వాళ్ళు బంగారం తూచే తూకంరాళ్ళు చూసినప్పటినుంచీ వాటి గురించి చదువుతూనే ఉన్నాను, అందుకే రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఇప్పటి ఘనా, ఐవరీకోస్ట్ ప్రాంతాల్లో అకాన్ ప్రజలకి (అసాంటే వాళ్ళు వీళ్ళలోవాళ్ళే) అప్పట్లో బంగారు పొడే డబ్బు. దాన్ని తూచడానికి సుమారు 15వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం చివరిదాకా చిన్నచిన్న ఇత్తడి తూకాలు పోతపోశారు. కొన్ని మెట్లూ చతురస్రాలూ ఉన్న ఉత్త ఆకారాలు. కొన్ని పక్షులు, మొసళ్ళు, చేపలు, డోలు వాయించే మనుషులు. వెనక్కి తిరిగి చూసే పక్షి చాలా పేరున్నది. అన్నీ వేళ్ళ మధ్య పట్టుకునేంత చిన్నవి. చాలా బొమ్మల వెనక ఒక సామెత ఉంటుంది.

ఈ చర్చకి కావలసిన ముక్క ఇది. పోతపోసిన బొమ్మ బరువు తక్కువ వస్తే దానికి సీసం అతికేవారు. ఎక్కువ వస్తే ఆకురాయి పెట్టేవారు, బొమ్మలో ఒక కొసనైనా తెంపేసేవారు. అందం చెడినా సరే, తూకం నిలవాలి. మ్యూజియంలో కాలు విరిగిన బొమ్మ కనిపిస్తే పాతబడి విరిగిందనుకోకండి, తూకం కోసం తీసేసింది కూడా అయ్యుండొచ్చు. ఆ బొమ్మ చేసినవాడికి దాని మీద ఎంత ప్రేమో, తూకం మీద అంతకంటే ఎక్కువ.

తూనికరాయి గారి పక్షాన కూడా ఒక మాట. అక్కడా ఎవరి తూకాలు వాళ్ళవే. బేరం కుదిరేముందు ఇద్దరూ తమ తమ రాళ్ళతో తూచుకునేవారు. గుడ్డినమ్మకం అక్కడా లేదు.

ఉట్నూరుదారి

ఆదిలాబాద్ వైపు మనిషిని. డోక్రా అనే ఇత్తడి పోతపని గురించి ఎవరూ రాయలేదని రాస్తున్నా. ఆదిలాబాద్ డోక్రాకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేసేది వోజులు అనే పనివాళ్ళు. ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. దాని మీద మైనం తీగలు పక్కపక్కన చుట్టుకుంటూ వస్తారు, నగిషీ అంతా ఆ తీగలతోనే. పైన మెత్తటి మట్టి పూత, దాని మీద గరుకు మట్టి. కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మట్టి పగలగొడితేనే వస్తువు బయటికొస్తుంది. అంటే ఒక అచ్చుకి ఒకటే వస్తువు.

ఒడిశా, బెంగాల్లో ఈ పద్ధతిలో ధాన్యం కొలిచే గిన్నెలు కూడా చేస్తారు, గుండ్రటి పొట్ట, ఒంటినిండా తీగల గీతలు. ఇప్పుడు గోదారిగట్టు గారికి నా ప్రశ్న. మట్టి ఆరితే కుంచించుకుంటుంది, ప్రతిసారీ ఒకేలా కుంచించుకోదు. అలాంటప్పుడు చేతితో చేసినది తు.చ. తప్పకుండా కొలవాలనడం పనివాడి మీద అన్యాయం కాదా? అలా పట్టుబడితే గెలిచేది మళ్ళీ మిషన్ పాత్రే.

గోదారిగట్టు

ఉట్నూరుదారి గారూ, అడగాల్సిన ప్రశ్న ఇదే. మీరు రాసిన పద్ధతిలోనే నాకు జవాబు కనిపిస్తోంది. లోపల ఎంత పడుతుందో తేల్చేది మొదట చేసిన మట్టి ఆకారం. నగిషీ మొత్తం దానికి బయటే వస్తుంది. అంటే తీగలు ఎన్ని చుట్టినా కొలత చెడదు. అచ్చుకొట్టిన రేకు కుంచంలో నగిషీ లోపలికి చొరబడుతుంది, ఇందులో చొరబడదు.

చిన్న తేడా వస్తుందంటారా, రానివ్వండి. నేను గ్రాము లెక్కన పట్టుబట్టడం లేదు. థేమ్స్‌ఒడ్డు గారు చెప్పినట్టు పోతపోశాక సరిచెయ్యొచ్చు. గిన్నె కాస్త ఎక్కువ పడితే అంచు ఆకురాయి పట్టించి తగ్గించవచ్చు. తక్కువ పడే గిన్నెకి ఆ దారి లేదు కాబట్టి మట్టి ఆకారాన్ని మొదటే కాస్త పెద్దగా చెయ్యాలి. ఇదేమీ కొత్త విద్య కాదు, కొనేవాళ్ళు అడిగితే పనివాడు చేస్తాడు. మనం అడగడం మానేశాం కనుకే తవ్వకీ మానికకీ పొంతన పోయింది.

రెల్లుగడ్డి

అసలు కుంచం అంటే ఎన్ని లీటర్లండి? అది తెలియకుండా సరిగ్గా ఉందో లేదో ఎలా చూడాలి?

గోదారిగట్టు

లీటర్లలో ఒకే అంకె లేదండి. కుంచం ఒక ప్రాంతంలో ఉన్నట్టు ఇంకో ప్రాంతంలో ఉండేది కాదు. అందుకే లీటర్లు వద్దు, రెట్టింపులు చూడండి. సెట్టు కొనేటప్పుడు తవ్వ నిండా నీళ్ళు పోసి రెండుసార్లు మానికలో వంచండి. అంచుకి వచ్చి ఆగితే మంచి సెట్టు. బియ్యంతో చూస్తే గుద్ది పోసినప్పుడు ఒకలా, వదులుగా పోసినప్పుడు ఒకలా వస్తుంది, కాబట్టి నీళ్ళే మేలు. చెక్క కుంచమైతే నీళ్ళు పొయ్యకండి, ఉబ్బుతుంది. ఆవాలు వాడండి. లోపల చెయ్యి పెట్టి తడిమితే గుంటలు తగలకూడదు.

పూజగది

నేనింకా నా మాట మీదే ఉన్నాను. దేవుడి దగ్గర పెట్టేదానికి ఈ పరీక్ష అక్కర్లేదు. కానీ శ్రావణమాసానికి మా అమ్మాయికి ఒక సెట్టు కొనాలి. మా అత్తగారు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని లెక్కపెట్టేవారు. అది మా అమ్మాయికి చూపించాలంటే నిజంగా కొలిచే పాత్రే ఉండాలి కదా. బొమ్మలు బయటికే ఉండి లోపల నున్నగా ఉండే పోత కుంచాలు ఎక్కడ చేస్తున్నారో తెలిస్తే చెప్పండి. బొమ్మలు లేకుండా మాత్రం నేను తీసుకోను.

ఉట్నూరుదారి

పూజగది గారూ, మా వైపు పనివాళ్ళని అడిగి చెప్తాను. ఎంత కొలత కావాలో ముందే రాయండి, మట్టి ఆకారం చేసే రోజే వాళ్ళకి తెలియాలి.