అప్‌డేట్: సిల్క్ దారం గాజుల మీద జిగురు మరకలు, ఊడిపోతున్న దారం

పదో తరగతి పిల్లలకు చేస్తున్న గాజుల్లో దారం రెండు రోజులకే ఊడుతోంది, ఏం చేయాలని అడిగాను కదా. మీ సలహాలతో సమస్య తీరింది.

అసలు కారణం నున్నటి ప్లాస్టిక్. గాజును గరుకు కాగితంతో రుద్ది, పొడి తుడిచాకే జిగురు పట్టింది. 50 సెంటీమీటర్ల అట్ట చుట్టూ దారం 20 చుట్లు చుట్టి, ఒకవైపు కత్తిరిస్తే మీటరు పొడవున 20 పోగులు వస్తాయి. 6 మిల్లీమీటర్ల వెడల్పు గాజుకు దాదాపు సరిపోతాయి. ఫ్యాబ్రిక్ జిగురు మొదట్లో, చివర్లో, మధ్యలో రెండు మూడు చోట్ల లోపలివైపు మాత్రమే, అదీ పుల్లతో పలుచగా రాయాలి. ఎక్కువైతే దారంలోకి ఇంకి మెరుపు చంపేస్తుంది. ఆ మరక ఇక పోదు.

ఇంకో మాట: లోపలి చుట్టుకొలత తక్కువ కాబట్టి పోగులు అక్కడ ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి, బయట ఖాళీలు కనిపిస్తాయి. బయటివైపు పోగులను బొటనవేలితో పరుస్తూ చుట్టాలి. మెలిపడితే అక్కడే విప్పేయండి, తర్వాత సరిచేయలేం.

కుందన్లు, స్టోన్ చైన్ మర్నాడే అతికించండి. దారం మందం వల్ల గాజు బిగుతవుతుంది, 2.4 సైజు వేసుకునే అమ్మాయికి 2.6 తీసుకోవడమే మంచిది.