బీచ్‌లో దొరికిన ఒంటి చెప్పు, ఫొటో ఎలా తీయాలి?

ప్రశ్న: చెన్నై బెసెంట్ నగర్‌లో ఉంటాను. మొన్న పొద్దున్నే ఇలియట్స్ బీచ్‌లో, 1930లో సముద్రంలో మునిగి చనిపోయిన డెన్మార్క్ నావికుడు ష్మిట్ పేరున్న ఆ మెమోరియల్ దగ్గర, చిన్నపిల్లల చెప్పు ఒక్కటే కనపడింది, బకిల్ తుప్పు పట్టి, మడమ గుంటలో ఇసుక నిండి. ఫోన్‌లో తీస్తే ఉత్త చెత్త ఫొటోలా వచ్చింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: నిలబడి పైనుంచి తీసుంటారండీ. కింద కూర్చుని, ఫోన్ తలకిందులు చేసి లెన్స్ ఇసుకకి దగ్గరగా పెట్టండి. మన బీచ్ తూర్పు ముఖం కదా, సూర్యుడు సముద్రం మీంచే వస్తాడు, ఆరున్నరకి నీడలు బారెడు ఉంటాయి, ఎనిమిది దాటితే అంతా తెల్లగా, చప్పగా అయిపోతుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు) కాస్త తగ్గించండి.

ఇంకో జవాబు: అందం కోసం చెప్పుని జరపకండి. నేనొకసారి బొమ్మ కారుని తిప్పి పెట్టా, ఫొటో బానే వచ్చింది గానీ చూసినప్పుడల్లా అబద్ధంలా ఉంటుంది. తెగిన చేపల వలలు కనపడితే మాత్రం, ఫొటో తీశాక పైకి లాగేయండి, జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇక్కడికొస్తాయి, ఆ వలలు వాటి కాళ్లకి చుట్టుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, నేను చెప్పుని కడిగి మరీ తీశాను!