అప్‌డేట్: మీరు చెప్పిన రెండు నవలలూ చదివేశాను

రాత్రిళ్లు చదువుకోవడానికి ఒక మిస్టరీ, ఒక ఫాంటసీ చెప్పమని అడిగాను కదా, రెండూ అయిపోయాయి.

అగాథా క్రిస్టీ 1926 నాటి ‘ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ నన్ను మామూలుగా బోల్తా కొట్టించలేదు. హత్య జరిగిన గదిలో ఒక కుర్చీ ముందుకు జరిపి ఉందని బట్లర్ చెబుతాడు. కుర్చీలో ఏముందిలే అని పేజీ తిప్పేశాను. చివరికొచ్చాక వెనక్కి వెళ్లి చూస్తే, అన్నీ కళ్లముందే పెట్టింది మహాతల్లి! హంతకుడెవరో ముందే చెప్పేయనందుకు మీకో దండం.

ఇక ఫాంటసీ, ఉర్సులా లెగ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) మొదట్లో నత్తనడకే. కానీ దేని అసలు పేరు తెలిస్తే దానిమీద పట్టు దొరుకుతుందన్న ఊహ భలే నచ్చింది. కథానాయకుడైన కుర్ర మాంత్రికుడు గెడ్, తన వెంటపడిన నీడలాంటి దుష్టశక్తిని ఒంటరిగా పడవలో తనే వెంటాడే చోట నిద్ర ఎగిరిపోయింది. రెండో భాగం మొదలుపెట్టాను.